సందులో ఏం జరిగింది? బొమ్మల పుస్తకాలతో అర్థశాస్త్రం

ప్రశ్న: మా పాప తిరుపతిలో ఇంటర్ మొదటి సంవత్సరం, సీఈసీ. చిన్నప్పట్నుంచి బొమ్మల కథలంటే ప్రాణం. ఎకనామిక్స్ పుస్తకం తెరిస్తే రెండు పేజీలకే నిద్రొస్తుందంటుంది. మొన్న స్నేహితురాలి దగ్గర ఇంగ్లిషులో ఉన్న ఎకనామిక్స్ కామిక్ ఒకటి తెచ్చుకుని మూడు రోజుల్లో పూర్తి చేసింది. 'అంతా అర్థమైందమ్మా' అంది. తీరా కాలేజీలో పెట్టిన చిన్న పరీక్షలో సగం కూడా రాయలేదు. వాళ్ల నాయనేమో 'బొమ్మలు చూసి పాసైనోళ్లు ఎవరున్నారు, మాన్పించు' అంటున్నాడు. మాన్పించాలా? వద్దంటే ఏ పుస్తకాలు, ఏ వరసలో, ఎట్లా చదివించాలి? ఆర్థిక చరిత్ర కూడా వీటితోనే నేర్చుకోవచ్చా?
– ఒక తల్లి, తిరుపతి

సమాధానం: మాన్పించొద్దమ్మా. పాప అబద్ధం చెప్పలేదు, ఆమెకు నిజంగానే అర్థమైంది. అయితే అర్థమైంది కథ, పరీక్షలో అడిగింది కారణం.

బొమ్మల కథలో ఒక గడి, దాని పక్కన ఇంకో గడి, రెంటికీ నడుమ సన్నటి తెల్ల సందు ఉంటుంది. మొదటి గడిలో రైతు నారు నాటుతుంటాడు. రెండో గడిలో బండి నిండా కాయలుంటాయి. మధ్యలో రెండు నెలలు గడిచాయని ఎవరూ చెప్పక్కర్లేదు, కన్నే పూరించుకుంటుంది. కథకు అది వరం. అర్థశాస్త్రంలో అసలు సరుకంతా ఆ సందులోనే ఉంటుంది. ఎంత కాలం పట్టింది, ఎవరి చేతి డబ్బు ఎవరి చేతికి పోయింది, ఏది మారలేదని మనం అనుకున్నాం అన్నవన్నీ అక్కడే ఉంటాయి. కన్ను చటుక్కున దాటేసింది కాబట్టి అక్కడ ఏదో ఉందన్న సంగతే పాపకు తెలియలేదు. పాఠ్యపుస్తకం చేసేది దీనికి తలకిందులు. ఆ సందు గురించే పది పేజీలు రాస్తుంది, అటూ ఇటూ ఉండాల్సిన గడులు మాత్రం వేయదు. నిద్ర రావడంలో పాప తప్పేమీ లేదు.

అందుకే ఆమెకు అలవాటు చేయాల్సింది ఒక్కటే. సందు దగ్గర ఆగి 'ఇక్కడేం జరిగింది?' అని అడగడం. ఎట్లా అడగాలో మీ కూరగాయల సంచిలో ఉన్న టమాటాతోనే చూపిస్తాం.

2023 జులై చివర్లో మదనపల్లె మార్కెట్లో మేలురకం టమాటా కిలో రెండొందల దగ్గరికి పోయింది. సెప్టెంబరు వచ్చేసరికి రాయలసీమలో రైతులు గిట్టుబాటు కాక కాయలు రోడ్డు పక్కన పారబోసిన వార్తలు చూశాం. కామిక్‌లో ఇది రెండు గడుల కథ: నవ్వుతున్న రైతు, ఏడుస్తున్న రైతు. సందులో ఏముందో తెలియాలంటే పాపను ఒక తెల్లకాగితం మీద ఈ ఆట ఆడమనండి. అంకెలు మేం లెక్క సులువుగా ఉండేందుకు పెట్టుకున్నవి, మార్కెట్ లెక్కలు కావు.

నియమాలు రెండు. ఒకటి: 60 లోంచి ఆ రోజు వచ్చిన లారీల సంఖ్య తీసేస్తే కిలో ధర వస్తుంది. ఇది కొనేవాళ్ల గుణం. రెండు: ఇవాళ్టి ధరలో సగం ఎంతో, వచ్చే పంటకు అన్ని లారీలు వస్తాయి. ఇది పండించేవాళ్ల గుణం. వానకు పంట పోయి 4 లారీలే వచ్చాయనుకుందాం. ధర 56. ఆ ధర చూసి అందరూ నాటితే వచ్చే పంటకు 28 లారీలు, ధర 32. దెబ్బతిన్నవాళ్లు తగ్గించుకుంటే 16 లారీలు, ధర 44. మళ్లీ 22 లారీలు, ధర 38. ఆపైన 19 లారీలు, ధర 41. ఊగి ఊగి 20 లారీలు, 40 రూపాయల దగ్గర నిలబడుతుంది. ఒక్కో పంటకూ ఒక్కో గడి గీయించండి, చిన్న చిన్న లారీ బొమ్మలతో.

ఇప్పుడు రెండో నియమం ఒక్కటే మార్చండి. రైతులు ఇంకొంచెం తొందరపడతారనుకుందాం: ధరలోంచి 20 తీసేస్తే ఎంతో, అన్ని లారీలు. 4 లారీలు, 56 రూపాయలు. తర్వాత 36 లారీలు, 24 రూపాయలు. తర్వాత మళ్లీ 4 లారీలు, మళ్లీ 56. ఎన్ని గడులు గీసినా నిలబడదు, అవే రెండు గడులు తిరిగి తిరిగి వస్తుంటాయి. కొనేవాళ్లు మారలేదు, వాన మళ్లీ చెడలేదు. మారిందల్లా సందులో రైతు తీసుకున్న నిర్ణయం ఎంత గట్టిదన్నదే. దీన్నే అర్థశాస్త్రంలో సాలెగూడు సిద్ధాంతం అంటారు. ధర, పరిమాణాల పటం మీద ఈ చుక్కలు కలిపితే మొదటి లెక్క లోపలికి చుట్టుకుపోయే సాలెగూడులాగా, రెండోది ఒకే చతురస్రం మీద తిరుగుతున్నట్టుగా వస్తుంది. పాప ఇది ఒక్కసారి చేత్తో గీస్తే సప్లయ్‌కి కాలవ్యవధి ఎందుకు ముఖ్యమో మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక చదివే తీరు. రూళ్ల నోటుబుక్కు ఒకటి కొని, పేజీ మధ్యలో నిలువుగా గీత కొట్టించండి. ఎడమ పక్క 'గడిలో ఉన్నది', కుడి పక్క 'సందులో జరిగింది'. కామిక్‌ను మొదటిసారి ఏమీ రాయకుండా కథలా చదవనివ్వండి, ఆ ఆనందం చెడగొట్టకూడదు. రెండోసారి రోజుకు ఎనిమిది పేజీలకు మించొద్దు. ఆ ఎనిమిదిలో ముఖ్యమనిపించిన నాలుగు సందులు మాత్రం రాయాలి. ప్రతి సందుకీ మూడు ప్రశ్నలు: ఎంత కాలం గడిచింది? ఎవరు చెల్లించారు, ఎవరికి అందింది? ఏది మారలేదని బొమ్మ వేసినాయన అనుకున్నాడు? మూడో ప్రశ్న మొదట్లో కష్టంగా ఉంటుంది, ఖాళీగా వదిలేసినా ఫరవాలేదు. కాలేజీ పాఠంలో 'ఇతర అంశాలు స్థిరంగా ఉన్నప్పుడు' అన్న మాట వచ్చిన రోజు ఆ ఖాళీకి జవాబు దొరుకుతుంది. మూడోసారి కామిక్ మూసేసి, పాఠ్యపుస్తకంలో అదే అధ్యాయం తెరిచి, కుడి పక్క రాసుకున్నవాటికి పుస్తకం వాడే పేరు ఎర్ర పెన్నుతో రాయాలి. అవకాశ వ్యయం, ఉపాంత ప్రయోజనం, వ్యాకోచత్వం లాంటి మాటలు అప్పుడు ఉత్త పేర్లుగా కాక తనకు ముందే తెలిసిన సంగతులకు పేర్లుగా కనబడతాయి. ఇంగ్లిషు కామిక్ చదివి తెలుగులో పరీక్ష రాసే పిల్లలు తడబడేది ఎక్కువగా ఈ మూడో మెట్టు ఎగ్గొట్టడం వల్లే.

పుస్తకాల వరస. ముందు రిజర్వు బ్యాంకు పిల్లల కోసం వేసిన 'రాజు', 'మనీ కుమార్' బొమ్మల పుస్తకాలు. చిన్నవి, ఉచితం, ఒక వారం చాలు. బ్యాంకు, పొదుపు, ధరల పెరుగుదల గురించి తేలిగ్గా చెప్తాయి. వాటి తర్వాత సిద్ధాంతానికి గ్రేడీ క్లైన్, యోరమ్ బామన్ కలిసి చేసిన 'ది కార్టూన్ ఇంట్రడక్షన్ టు ఎకనామిక్స్'. 2010లో వచ్చిన మొదటి భాగం సూక్ష్మ అర్థశాస్త్రం, 2011లో వచ్చిన రెండో భాగం స్థూల అర్థశాస్త్రం. ఈ ఏడాదికి మొదటి భాగం చాలు. చరిత్రకు మైకేల్ గుడ్విన్ రాసి డాన్ బర్ బొమ్మలు వేసిన పుస్తకం, 2012లో వచ్చింది. పేరు 'ఎకనామిక్స్'. ఆ పేరునే ఇంగ్లిషులో చివర ఎక్స్ అక్షరంతో రాస్తారు, వెతికేటప్పుడు గుర్తుంచుకోండి. లావు పుస్తకం, అమెరికా చుట్టూ తిరుగుతుంది. మన దేశం గురించి అందులో వెతికితే నిరాశే. అందుకని దాన్ని వేసవి సెలవులకు పెట్టుకోండి. మీ పాప తెచ్చుకున్నది ఇదే అయితే, మూడు రోజుల్లో చదివేసి పరీక్షలో రాయలేకపోవడం సహజం. ఇంటర్ మొదటి సంవత్సరంలో అడిగేది ఎక్కువగా సూక్ష్మ అర్థశాస్త్రం, ఆ పుస్తకం చెప్పేది చరిత్ర.

కొనేముందు ఎస్వీ యూనివర్సిటీలో చదువుతున్నవాళ్లు తెలిసుంటే అక్కడి లైబ్రరీలో ఉన్నాయేమో అడిగించండి. ఒక్కో పుస్తకం అయ్యాకే ఇంకోటి.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. బొమ్మ మనసులో నాటుకుంటుంది. తప్పు బొమ్మ కూడా అంతే గట్టిగా నాటుకుంటుంది, తర్వాత పీకడం కష్టం.

చాలా కామిక్కులు డబ్బు పుట్టుకను ఒకే బొమ్మతో మొదలుపెడతాయి. కోడి పట్టుకున్నవాడొకడు, కుండ పట్టుకున్నవాడొకడు. వీడికి కుండ వద్దు, వాడికి కోడి వద్దు. మర్నాడు నాణెం పుడుతుంది. అచ్చంగా వస్తుమార్పిడి మీదే నడిచిన సమాజం ఒక్కటీ మానవశాస్త్రజ్ఞులకు కనబడలేదు. తెలిసిన మనుషుల మధ్య నడిచింది ఎక్కువగా ఇచ్చిపుచ్చుకోవడం, బాకీ పెట్టుకోవడం. మన పల్లెల్లో కుమ్మరి, కమ్మరి, వడ్రంగి ఏడాది పొడుగునా పని చేసిపెట్టి, కళ్లం రోజున మేర గింజలు కొలిపించుకునేవాళ్లు. అది మార్పిడి కాదు, ఏడాది అప్పు. 'కోడి–కుండ' బొమ్మ వచ్చిన చోట పాప నోటుబుక్కులో మేర గురించి రాసుకోవాలి. మీ ఊళ్లో పెద్దవాళ్లనడిగితే ఎన్ని మానికలు కొలిచేవాళ్లో కూడా చెప్తారు.

ఆడమ్ స్మిత్ 'అదృశ్య హస్తం' ఇంకోటి. ఆకాశంలోంచి దిగే పెద్ద చెయ్యి బొమ్మగా వేస్తారు. 1776లో ఆయన అచ్చువేసిన 'జాతుల సంపద'లో ఆ మాట వచ్చేది ఒకే ఒక్కసారి, అదీ వ్యాపారి తన పెట్టుబడిని సొంత దేశంలోనే పెట్టడానికి ఇష్టపడటం గురించి చెప్తున్న చోట. పుస్తకం మొదట్లోనే వచ్చే గుండుసూదుల కార్ఖానా మాత్రం బొమ్మకు చక్కగా ఒదుగుతుంది: పద్దెనిమిది పనులుగా విడగొట్టి పదిమంది చేస్తే రోజుకు 48,000 సూదులు, తలా 4,800. ఒంటరిగా చేస్తే ఇరవై కూడా కావు. ఇక్కడ సందు ఏమిటంటే, అదే స్మిత్ అదే పుస్తకం చివరి భాగంలో, జీవితమంతా ఒకటి రెండు చిన్న పనులే చేసే మనిషి బుద్ధి మొద్దుబారిపోతుందని, ప్రభుత్వం చదువు చెప్పించాలని రాశాడు. సూదుల గడి వేసేవాళ్లు ఈ గడి వేయడం మరిచిపోతారు. పాప వేసుకోవాలి.

ఇంగ్లండు ఆర్థికవేత్త రికార్డో 1817లో చెప్పిన తులనాత్మక ప్రయోజనం కామిక్కుల్లో ఇద్దరు చేతులు కలుపుకునే బొమ్మతో అయిపోతుంది. అది చూసి లెక్క రాయడం కుదరదు. లెక్క ఇది: కొంత ద్రాక్ష సారాయికి పోర్చుగల్‌లో ఏడాదికి 80 మంది శ్రమ, ఇంగ్లండులో 120 మంది. కొంత బట్టకు పోర్చుగల్‌లో 90, ఇంగ్లండులో 100. రెండు పనుల్లోనూ పోర్చుగలే మేలు. అయినా రెండూ తానే చేసుకుంటే పోర్చుగల్‌కు 170 మంది కావాలి. రెండు పాళ్లూ సారాయే చేసి ఒకటి ఇచ్చి బట్ట తెచ్చుకుంటే 160 చాలు, పదిమంది మిగిలారు. ఇంగ్లండుకు 220 బదులు 200, ఇరవైమంది మిగిలారు. ఈ నాలుగు అంకెలూ నాలుగు గడుల్లో మనుషుల బొమ్మలతో వేసుకుంటే పరీక్షలో పట్టిక తప్పదు. ఇక సందు: మిగిలిన పదిమందీ ఏమయ్యారు? నేతగాడు మర్నాటికి ద్రాక్షతోట పని నేర్చేశాడా? అంతేకాదు, ఈ రెండు దేశాలూ ఊరికే చేతులు కలపలేదు. 1703లో మెథ్యుయెన్ ఒప్పందంతో పోర్చుగల్ ఇంగ్లిషు ఉన్ని బట్టలకు తలుపులు తెరిచింది, బదులుగా పోర్చుగల్ సారాయికి ఇంగ్లండులో ఫ్రెంచి సారాయి కంటే సుంకం మూడోవంతు తక్కువ. సిద్ధాంతం పుట్టడానికి నూరేళ్ల ముందే ఆ చేతులు కలిపినవాళ్లు వేరే ఉన్నారు.

ప్రతి కామిక్కూ ఒక పక్షాన నిలబడి ఉంటుందని కూడా ఆమెకు చెప్పండి. ఇందులో దాచాల్సిందేమీ లేదు. ఆర్థికవేత్త హయెక్ 1944లో ప్రభుత్వ ప్రణాళికలకు వ్యతిరేకంగా రాసిన పుస్తకాన్ని 1945లో అమెరికాలో 'లుక్' పత్రిక బొమ్మల కథగా కుదించి వేసింది. జనరల్ మోటార్స్ దాన్ని చిన్న పుస్తకంగా పంచింది. కార్ల కంపెనీ ఎందుకు పంచిందన్నదే అక్కడ సందు. గుడ్విన్ పుస్తకం దానికి ఎదురు వైపు మొగ్గుతుంది. రిజర్వు బ్యాంకు పుస్తకం బ్యాంకు గదిలోంచి లోకాన్ని చూపిస్తుంది. వడ్డీ రేటు పెంచితే ధరలు దిగొస్తాయని గడి ఉంటుంది, అప్పు మీద ఆటో కొన్నాయన నెల కంతు ఏమైందన్న గడి పాప కలుపుకోవాలి.

బొమ్మల్లో అంకెలు చూపే పద్ధతి దగ్గర ఒక మోసం తరచూ జరుగుతుంది, కావాలని కాకపోయినా. ఉత్పత్తి రెట్టింపైందని చెప్పడానికి డబ్బు మూటను ఎత్తూ వెడల్పూ రెట్టింపు చేసి గీస్తారు. కన్ను వైశాల్యాన్ని చూస్తుంది, అది నాలుగు రెట్లు. 1925లో వియన్నాలో సామాజిక, ఆర్థిక విషయాల మ్యూజియం పెట్టిన ఓటో న్యూరాత్ దీనికి తిరుగులేని నియమం ఇచ్చాడు: ఎక్కువ ఉంటే బొమ్మను పెద్దది చేయొద్దు, అదే సైజు బొమ్మను ఎక్కువసార్లు వేయి. టమాటా ఆటలో చిన్న చిన్న లారీలు వేయమన్నది అందుకే. కామిక్‌లో పెద్ద మూట కనబడ్డ ప్రతిచోటా స్కేలుతో కొలిచి, అంకెతో సరిపోల్చమనండి. పది నిమిషాల పని, జీవితాంతం పేపరు చదవడానికి పనికొస్తుంది.

ఆర్థిక చరిత్ర గురించి అడిగారు. ఇక్కడ తిరుపతిలో ఉండటం మీ పాప అదృష్టం. బయటి కామిక్కుల్లో లేనిది మీ ఊరి చుట్టూ ఉంది, తనే గీసుకోవచ్చు. రెండు విషయాలు చెప్తాం.

చంద్రగిరి కోట తిరుపతికి పదిహేను కిలోమీటర్ల లోపే. రాజమహల్లో మ్యూజియం ఉంది, ఒక పూట వెళ్లిరండి. మద్రాసు స్థలాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన 1639 నాటి సంగతి ఈ కోట పేరుతోనే చెప్పుకుంటారు. మామూలుగా వేసే బొమ్మ ఒకటే: సింహాసనం మీద రాజు, ఎదుట తెల్లదొర, నడుమ కాగితం. సందులో ఉన్నది వేరు. 1639 ఆగస్టు 22న ఆ మంజూరు కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డేకి ఇచ్చింది ఆ తీరాన్ని ఏలుతున్న దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన పైన చంద్రగిరి రాయలు. అప్పటికి కంపెనీకి మచిలీపట్నంలో 1611 నుంచీ, దుగరాజపట్నం దగ్గర 1626 నుంచీ స్థావరాలున్నాయి. కొత్తచోటు ఎందుకు కావాల్సొచ్చింది? బట్ట కోసం. మనవైపు నేతగాళ్లు నేసే బట్ట తూర్పు దీవులకు తీసుకెళ్లి అమ్మి, అక్కడ మిరియాలు, దినుసులు కొనడం వాళ్ల వ్యాపారం. నేతగాడికి ముందుగా చేతిలో డబ్బు పెట్టాలి, బట్ట నెలల తర్వాత వస్తుంది, ఓడ ఇంకా ఆలస్యం. అంటే ఈ కథ రాజు సంతకంతో కాదు, నేతగాడి మగ్గం దగ్గర అడ్వాన్సు డబ్బుతో మొదలవ్వాలి. ఆరు గడులు చాలు: మగ్గం, అడ్వాన్సు, ఓడ, మిరియాలు, నాయకుడి దర్బారు, కోట గోడ. సంతకం ఐదో గడి, 1640లో మొదలైన సెయింట్ జార్జి కోట ఆరోది.

రెండోది బాధాకరమైనది, అయినా చేయదగ్గది. 1876–78 నాటి ధాత కరువు. అప్పటికి తిరుపతి, చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి, చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. ఎవరు గీసినా మూడు గడులు వేస్తారు: వాన లేదు, పంట లేదు, జనం చచ్చిపోయారు. రెండో గడికీ మూడో గడికీ నడుమ సందు చూడండి. రేణిగుంట మీదుగా మద్రాసు–రాయచూరు రైలు మార్గం 1871 కల్లా ఉంది. గింజలు రైల్లో వచ్చాయి. వచ్చిన గింజ కొనడానికి కూలివాడి చేతిలో డబ్బు లేదు, ఎందుకంటే సేద్యం ఆగితే కూలి ఆగింది. నేతగాడి బట్ట కొనేవాడు లేడు. పశువులను అందరూ ఒక్కసారే అమ్ముకోబోతే వాటి ధర కూలిపోయింది. గింజల వ్యాపారంలో జోక్యం చేసుకోబోమన్నది వైస్రాయ్ లిట్టన్ ప్రభుత్వ విధానం. 1877లో ఆ ప్రభుత్వం కరువు ప్రాంతాలకు పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని మగవాడికి రోజుకు ఒక పౌను గింజ, దానితోపాటు ఒక అణాకు తగ్గించాడు. పౌనంటే సుమారు 450 గ్రాములు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఆ తిండితో ఎండలో మట్టి మోసేవాడు బతకడని గట్టిగా పోట్లాడాడు. మీ వంటింట్లో త్రాసు ఉంటే పాపను 450 గ్రాముల బియ్యం తూచి పళ్లెంలో పోసి, ఆ పళ్లేన్ని గడిలో గీయమనండి. తిండి ఉండటం వేరు, అది చేతికి అందే హక్కు ఉండటం వేరు అని అమర్త్య సేన్ 1981లో 1943 నాటి బెంగాల్ కరువు మీద వివరించింది ఈ సందు గురించే.

1991 కావాలంటే ఇంకా సులువు. దిగుమతులకు రెండు మూడు వారాలకు సరిపడా డాలర్లే మిగిలినప్పుడు దేశం సుమారు 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండు, జపాను కేంద్ర బ్యాంకుల దగ్గర కుదువ పెట్టింది. నగ కుదువ పెట్టడం తెలియని ఇల్లు మన పక్క లేదు, ఆ గడి వివరించక్కర్లేదు.

ఇప్పుడు పాప సొంతంగా చేయాల్సిన పుస్తకం. ఈ ఏడాది ఒక్కటి చేస్తే చాలు. విషయం మేం ఎంచి ఇస్తాం: 2025 జూన్‌లో చిత్తూరు జిల్లా తోతాపురి మామిడి. ధర పడిపోయినప్పుడు కిలోకు 12 రూపాయలు దక్కాలని, అందులో 8 గుజ్జు ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇవ్వాలని నిర్ణయించారు. కర్ణాటక కాయ రాకుండా సరిహద్దులో ఆపారు, దాని మీద రెండు రాష్ట్రాల మధ్య ఉత్తరాలు నడిచాయి. ఫ్యాక్టరీల ముందు, వ్యాపారులు కాయ కొనే ర్యాంపుల దగ్గర ట్రాక్టర్లు బారులు తీరాయి. సప్లయ్, కనీస ధర, సబ్సిడీ, రాష్ట్రాల మధ్య వ్యాపారం, కొనేవాళ్లు కొద్దిమందే అయితే ఏమవుతుందన్నది, అన్నీ ఈ ఒక్క కథలో ఉన్నాయి. ఇందులో పెద్ద సందు ఏది? ట్రాక్టరులోని కాయ నాలుగైదు రోజుల్లో మెత్తబడుతుంది. ఫ్యాక్టరీలో రెండొందల కిలోలకు పైగా పట్టే డ్రమ్ములో గాలి చొరకుండా నింపిన గుజ్జు ఏడాదికి పైగా నిలవుంటుంది. ఒకరు ఆగగలరు, ఇంకొకరు ఆగలేరు. బేరంలో ఎవరిది పైచేయో అక్కడే తేలిపోయింది. పక్కపక్కనే రెండు గడులు, రెండింట్లోనూ గోడమీద క్యాలెండరు: ఒక క్యాలెండరులో తేదీలు, ఇంకో క్యాలెండరులో నెలలు.

తయారీ ఇలా. ఏ4 కాగితం వద్దు. ఎనిమిది భాగాలుగా మడిస్తే పేజీ 74 × 105 మిల్లీమీటర్లే వస్తుంది, తెలుగు అక్షరం అందులో ఇమడదు. ఏ3 కాగితం తీసుకుంటే పేజీ 105 × 148 వస్తుంది. కాగితాన్ని అడ్డంగా సగం, మళ్లీ సగం, నిలువుగా సగం మడిస్తే ఎనిమిది భాగాలు. విప్పి, పొడుగునా పడ్డ మధ్య మడత మీద, నడిమి నాలుగు భాగాలను వేరుచేసేంత మేర మాత్రమే కత్తిరించాలి, అంచులదాకా కాదు. నిలువు మడత మీద లోపలికి తోస్తే పుస్తకం తయారు. ఏ పేజీ ఎటు తిరుగుతుందో ముందు రద్దు కాగితం మీద మడిచి, పేజీ నంబర్లు వేసి, విప్పి చూసుకోవాలి. ఇది చేయకపోతే సగం పేజీలు తలకిందులవుతాయి. అట్ట పోను ఆరేడు పేజీలు, పేజీకి మూడు గడులు మించకుండా ఇరవై గడుల కథ.

మాటల బుడగ దగ్గర చాలామంది పిల్లలు దెబ్బతింటారు. ముందు బుడగ గీసి తర్వాత మాటలు ఇరికిస్తారు. తెలుగు మాటలు పొడుగు, కింద వత్తులుంటాయి. ముందు మాట రాసి, దాని చుట్టూ బుడగ గీయాలి. అక్షరం 4 మిల్లీమీటర్లు, వరసకూ వరసకూ మధ్య 8 ఉంటే వత్తులు గుద్దుకోవు. బుడగకు పది పన్నెండు మాటలు చాలు. అంతకు మించితే అది రెండు గడుల విషయమన్నమాట. ముసాయిదా లేత నీలం పెన్సిల్‌తో గీసి, పైన నల్ల పెన్నుతో దిద్దితే నలుపు–తెలుపు జిరాక్సులో నీలం గీతలు దాదాపు పడవు, చెరపాల్సిన పని ఉండదు.

పరీక్ష మాట. బొమ్మలు గీసినందుకు మార్కులు రావు, రేఖాపటానికి వస్తాయి. అందుకని తన పుస్తకంలో కనీసం రెండు గడులను రేఖాపటాలుగా మార్చాలి: ధర నిలువు అక్షం మీద, పరిమాణం అడ్డం అక్షం మీద. కామిక్కులు ఎక్కువగా పొరపాటుపడేలా చేసేది ఇక్కడే, ఎందుకంటే వాటిలో ధర పెరగడం ఎప్పుడూ పైకి లేచే రాకెట్టే. బ్రహ్మోత్సవాలప్పుడు తిరుపతిలో పూల ధర పెరిగితే, అదే ధరకు ఎక్కువమంది కొనడానికి సిద్ధపడ్డారు కాబట్టి డిమాండ్ రేఖే కుడివైపుకు జరిగింది. వానకు పూలు రాలిపోయి ధర పెరిగితే డిమాండ్ రేఖ కదల్లేదు. సప్లయ్ రేఖ ఎడమకు జరిగి, మనం పాత డిమాండ్ రేఖ మీదే పైకి ఎక్కాం. రెండు రాకెట్లూ ఒకేలా ఉంటాయి, రెండు పటాలూ వేరు. పాప పోయిన పరీక్షలో రాయలేకపోయింది ఇదే అయ్యుంటుందని మా అనుమానం. ఈ రెండు పటాలూ పక్కపక్కన పదిసార్లు గీయించండి.

పుస్తకం పూర్తయ్యాక జిరాక్సు తీయించేముందు వాళ్ల నాయన చేతికివ్వండి. ఏమీ వివరించకుండా పక్కన కూర్చుని, ఒక్కో సందు దగ్గర 'ఇక్కడేం జరిగింది నాయనా?' అని పాపే అడగాలి. ఆయన ఎక్కడ తటపటాయిస్తాడో అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టుకోవాలి. ఆ చుక్కల దగ్గర ఇంకో గడి పడాలి.